పొలం కాపలా కుక్కల్లో చర్మవ్యాధులు: గుర్తింపు, చికిత్స, పురుగుమందులతో పొంచి ఉన్న ముప్పు

నిజామాబాద్ జిల్లాలోని నందిపేట్ మండలం గోదావరి ఒడ్డున, శ్రీరాంసాగర్ జలాశయపు వెనుక జలాలను ఆనుకొని ఉంది. వరి, మొక్కజొన్న, పసుపు, ఎర్రజొన్న, సోయాచిక్కుడు ఇక్కడి ప్రధాన పంటలు. పంట చేతికి వచ్చే రోజుల్లో అడవి పందులు, కోతుల బెడద నుంచి చేనును కాపాడుకోవడం రైతుకు పెద్ద పరీక్ష. బోధన్ వైపు చెరకు తోటలలోనూ ఇదే పరిస్థితి. ఎత్తుగా, దట్టంగా పెరిగే చెరకు అడవి పందులకు దాపు అవుతుంది. మంచె మీద రైతు, మంచె కింద కుక్క ఉండి రాత్రంతా కావలి కాయడం ఈ ప్రాంతంలో తరతరాలుగా వస్తున్న ఆనవాయితీ.

అయితే ఎద్దుకో బర్రెకో జబ్బు చేస్తే వెంటనే వైద్యం కోసం పరుగెత్తే రైతు కుటుంబం కుక్క విషయంలో అంత శ్రద్ధ చూపదు. వెంట్రుకలు రాలి, చర్మం ఎర్రబడి, రాత్రింబగళ్లు గోక్కునే కుక్కను ‘గజ్జి కుక్క’ అని తరిమివేయడం, లేదా పంటకు కొట్టగా మిగిలిన పురుగుమందును దాని ఒంటికి పూయడం పల్లెల్లో కనిపించే రెండు పద్ధతులు. మొదటిది నిర్దయ. రెండవది చాలా సందర్భాల్లో ప్రాణాంతకం. కుక్కల చర్మవ్యాధులలో చాలావరకు సులువుగా గుర్తించదగినవి, తక్కువ ఖర్చుతో నయమయ్యేవి. వాటిలో కొన్ని మనుషులకూ సోకుతాయి కాబట్టి ఈ విషయం కుక్కతోనే ఆగదు, ఇంటిల్లిపాది ఆరోగ్యానికీ సంబంధించినది.

చర్మాన్ని పరిశీలించే పద్ధతి

పంటలో తెగులును గుర్తించేందుకు ఆకు పైభాగం, అడుగుభాగం, కాండం, వేరు అనే వరుసలో చూసినట్లే కుక్క చర్మాన్ని కూడా ఒక వరుసలో పరిశీలించాలి. పగటి వెలుతురులో కుక్కను నిలబెట్టి, మూతి, కళ్ల చుట్టూ, చెవుల అంచులు, చెవి లోపల, మెడ, చంకలు, మోచేతులు, పొట్ట అడుగుభాగం, తొడల లోపలి వైపు, కాలివేళ్ల సందులు, తోక మొదలు వరుసగా చూడాలి. వెంట్రుకలను వేళ్లతో ఎదురు దిశకు తోసి అడుగున ఉన్న చర్మాన్ని గమనించాలి.

ఆ తరువాత నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. దురద ఉన్నదా, లేదా? మచ్చలు ఏ భాగంలో మొదలైనాయి? కుక్క వయసు ఎంత? దానితో మెలిగే ఇతర కుక్కలకు గాని, ఇంట్లోని మనుషులకు గాని దురద, మచ్చలు వచ్చినాయా? ఈ నాలుగింటికి జవాబులు దొరికితే వ్యాధి ఏ వర్గానికి చెందినదో చాలావరకు తెలుస్తుంది. తుది నిర్ధారణ మాత్రం పశువైద్యుడు చర్మాన్ని గీకి సూక్ష్మదర్శిని కింద పరీక్షించిన తరువాతే జరగాలి.

పిడుదులు

కుక్కల చర్మ సమస్యలలో అందరికీ కనిపించేవి పిడుదులు. వీటినే కొన్ని ప్రాంతాల్లో గోమార్లు అంటారు. కుక్కలను పట్టే గోధుమరంగు పిడుదు శాస్త్రీయ నామం రిపిసెఫాలస్ సాంగ్వినియస్. పశువులను పట్టే పిడుదుల్లో కొన్ని రకాలు పిల్ల దశ నుంచి పెరిగేవరకు ఒకే పశువు మీద గడుపుతాయి. కుక్క పిడుదు అలా కాదు. పిల్ల దశలో ఒకసారి, మధ్య దశలో ఒకసారి, పెరిగిన తరువాత మరొకసారి కుక్కను ఎక్కి రక్తం పీల్చుకొని, ప్రతిసారీ కిందికి దిగిపోతుంది. ఆడ పిడుదు గోడ పగుళ్లలో, కొట్టం మూలల్లో వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. పెరిగిన పిడుదు ఆహారం లేకుండా నెలల తరబడి బతకగలదు. అందువల్ల కుక్క ఒంటి మీద కనిపించేవి మొత్తం పిడుదులలో కొద్ది భాగం మాత్రమే. మిగిలినవి గోడలలో దాగి ఉంటాయి. కుక్కకు మాత్రమే మందు వేసి కొట్టాన్ని వదిలేస్తే పది పదిహేను రోజుల్లో సమస్య మళ్లీ మొదటికి వస్తుంది.

పిడుదులు రక్తం పీల్చడంతో ఆగవు. ఎర్లీషియా, బబీషియా వంటి రక్త వ్యాధుల సూక్ష్మజీవులను కూడా చేరవేస్తాయి. పిడుదులున్న కుక్క మేత మానివేసి, జ్వరంతో పడుకొని, చిగుళ్లు పాలిపోయి, ముక్కు నుంచి రక్తం కారినా, మూత్రం కాఫీ రంగులోకి మారినా అది చర్మవ్యాధి కాదు, ప్రాణాపాయ స్థితి. అదే రోజు వైద్యశాలకు తీసుకొనిపోవాలి.

పిడుదును చేతితో నలపరాదు. పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగి, సబ్బు నీటిలో వేయాలి. లాగిన చోట క్రిమిసంహారిణి రాయాలి.

పిడుదులతోపాటు గెంతే చిన్న పురుగులైన ఫ్లీలు కూడా కుక్కలను పట్టి పీడిస్తాయి. కుక్క నడుము వెనుక భాగం, తోక మొదలు వద్ద వెంట్రుకలు రాలి, నల్లని మిరియపు పొడి వంటి రేణువులు కనిపిస్తే వీటిని అనుమానించాలి. ఆ రేణువులను తడి తెల్లకాగితం మీద వేస్తే ఎర్రని మరక ఏర్పడుతుంది. అది ఫ్లీలు విసర్జించిన జీర్ణమైన రక్తం. ఖర్చు లేకుండా రైతు ఇంటివద్దనే చేసుకోగల పరీక్ష ఇది. కొన్ని కుక్కలకు ఫ్లీల లాలాజలం పడదు. అటువంటి వాటిలో రెండు మూడు పురుగులు కుట్టినా ఒళ్లంతా దురద పుడుతుంది.

గజ్జి

మొక్కజొన్న, బెండ ఆకుల మీద ఎర్రనల్లిని చూసిన రైతుకు గజ్జిని అర్థం చేసుకోవడం కష్టం కాదు. గజ్జికి కారణమైన సార్కాప్టిస్ స్కేబీ కూడా ఒక నల్లి. కంటికి కనిపించనంత చిన్నది. ఆడ నల్లి చర్మం పైపొరలో సొరంగాలు తవ్వి గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి సుమారు రెండు మూడు వారాలు పడుతుంది. 1687లో ఇటలీకి చెందిన జొవాన్ని కొసిమో బొనొమో మనుషుల్లో గజ్జికి ఈ నల్లి కారణమని తన పరిశీలనలను ప్రకటించాడు. ఒక వ్యాధికి ఫలానా సూక్ష్మ ప్రాణి కారణమని చూపిన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

లక్షణాలు: దురద విపరీతంగా ఉంటుంది. చెవుల అంచులు, మోచేతులు, వెనుక కాళ్ల మడమలు, పొట్ట అడుగుభాగంలో మొదలై ఒళ్లంతా వ్యాపిస్తుంది. వెంట్రుకలు రాలి, చర్మం మందమై, పొక్కులు గట్టిన చెక్కులు ఏర్పడతాయి. చెవి అంచును వేళ్ల మధ్య పట్టి రుద్దినప్పుడు కుక్క వెనుక కాలితో గోకుతున్నట్లు కదిలిస్తే గజ్జిని బలంగా అనుమానించాలి. చర్మం గీకిన పరీక్షలో నల్లి ప్రతిసారీ దొరకదు. కాబట్టి నల్లి కనిపించలేదని గజ్జి లేదని తేల్చరాదు. లక్షణాలు సరిపోలితే పశువైద్యులు చికిత్స మొదలుపెట్టి ఫలితాన్ని బట్టి నిర్ధారిస్తారు.

ఈ వ్యాధి ఒక కుక్క నుంచి మరొక కుక్కకు త్వరగా సోకుతుంది. కుక్కను ఎత్తుకొనే పిల్లల చేతులు, పొట్ట మీద కూడా దురద పొక్కులు రావచ్చు. కుక్కల నల్లి మనిషి చర్మంలో ఎక్కువ కాలం సంతతిని పెంచుకోలేదు. కుక్కకు చికిత్స జరిగితే మనుషుల్లో దురద సాధారణంగా దానంతట అదే తగ్గుతుంది. తగ్గకపోతే వైద్యుని సంప్రదించాలి.

చికిత్స: పశువైద్యులు ఐవర్‌మెక్టిన్, సెలమెక్టిన్, లేదా ఫ్లూరలానర్, అఫాక్సొలానర్, సరోలానర్ వంటి కొత్త తరం మందులను సూచిస్తారు. ఇంట్లో, పొలంలో కలసిమెలసి తిరిగే కుక్కలన్నిటికీ ఒకేసారి చికిత్స చేయాలి. పడక గోనెసంచులను కాల్చివేయాలి లేదా మరిగే నీటిలో ఉడికించి ఎండబెట్టాలి.

ఎర్ర గజ్జి

డెమోడెక్స్ అనే మరొక నల్లి వెంట్రుకల కుదుళ్లలో నివసిస్తుంది. పుట్టిన తొలి రోజులలోనే తల్లి నుంచి పిల్లలకు చేరి, ఆరోగ్యంగా ఉన్న కుక్కలలో కూడా కొద్ది సంఖ్యలో ఉంటుంది. రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు సంఖ్య పెరిగి వ్యాధిగా మారుతుంది. ఎక్కువగా మూడు నెలల నుంచి ఏడాదిన్నర వయసు లోపు కుక్కల్లో కనిపిస్తుంది. కళ్ల చుట్టూ, పెదవుల వద్ద, ముందు కాళ్ల మీద వెంట్రుకలు రాలి గుండ్రని మచ్చలు ఏర్పడతాయి. ఆరంభంలో దురద అంతగా ఉండదు. గజ్జికీ దీనికీ ముఖ్యమైన తేడా ఇదే. ఇది ఇతర కుక్కలకు గాని మనుషులకు గాని అంటుకొనేది కాదు. కాబట్టి భయపడి కుక్కను వదిలివేయనక్కరలేదు.

ఒకటి రెండు మచ్చలకే పరిమితమైన వ్యాధి చాలావరకు చికిత్స లేకుండానే మానుతుంది. మంచి ఆహారం, నట్టల నివారణ మందు చాలు. ఒళ్లంతా వ్యాపించి, చీము పట్టి, పాదాలు వాచినప్పుడు మాత్రం దీర్ఘకాల చికిత్స అవసరం. నెల వ్యవధితో రెండుసార్లు చర్మ పరీక్షలో నల్లి కనిపించనంత వరకు మందు కొనసాగించాలి. దురద తగ్గుతుందని స్టిరాయిడ్ సూదిమందు వేయించడం ఈ వ్యాధిలో పెద్ద పొరపాటు. అది రోగనిరోధక శక్తిని మరింత తగ్గించి నల్లి సంఖ్యను పెంచుతుంది. ఒళ్లంతా వ్యాధి వచ్చిన ఆడ కుక్కలను సంతతికి ఉపయోగించరాదు.

తామర

శిలీంద్రాల వల్ల వచ్చే తామర గుండ్రని మచ్చగా మొదలై అంచుల వైపు విస్తరిస్తుంది. మచ్చ మధ్యలో పొలుసులు, విరిగిన వెంట్రుకలు కనిపిస్తాయి. మైక్రోస్పోరమ్ కేనిస్ జాతి శిలీంద్రం పిల్లులు, కుక్కల నుంచి మనుషులకు, ముఖ్యంగా చిన్న పిల్లలకు సులువుగా సోకుతుంది. దీని బీజాలు పడకలలో, ధూళిలో నెలల తరబడి జీవించి ఉంటాయి. మచ్చల చుట్టూ వెంట్రుకలను కత్తిరించి కాల్చివేయాలి. శిలీంద్రనాశక షాంపూ, లేపనాలు, అవసరమైతే ఇట్రాకొనజోల్ వంటి నోటి మందులు పశువైద్యుని సూచన మేరకు వాడాలి. చికిత్స జరుగుతున్నన్నాళ్లు పిల్లలను కుక్కకు దూరంగా ఉంచాలి. పంటలకు వాడే శిలీంద్రనాశకాలను తామరకు పూయరాదు.

చీముపొక్కులు, తడి పుండ్లు, పురుగులు పడిన గాయాలు

వానాకాలంలో నాట్ల నీటిలో, బురదలో తిరిగే కుక్కల చర్మం ఆరే వీలుండదు. పొట్ట మీద చిన్న చీముపొక్కులు, అవి పగిలిన తరువాత గుండ్రని పొలుసుల అంచులు కనిపిస్తే బాక్టీరియా సోకినదని గ్రహించాలి. ఇది ఎక్కువగా గజ్జి, పిడుదులు, అలర్జీ వంటి మరొక సమస్యకు తోడుగా వస్తుంది. మూలకారణాన్ని సరిచేయనిదే మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. క్లోర్‌హెక్సిడిన్ కలిసిన షాంపూను వారానికి రెండుసార్లు, నురగ పది నిమిషాలు ఒంటి మీద నిలిచేలా వాడితే చాలా కేసులు అదుపులోకి వస్తాయి. యాంటీబయాటిక్ మాత్రలను సొంతంగా కొని రెండు రోజులు వేసి ఆపివేయడం వల్ల మందుకు లొంగని బాక్టీరియా తయారవుతుంది. ఒకే పురుగుమందును పదేపదే కొడితే పురుగు తట్టుకొనే శక్తిని పెంచుకొన్నట్లే ఇది.

శరీరంపై కమురు వాసన, జిడ్డు, చెవుల్లో గోధుమరంగు గుల్ల ఉంటే మలసేజియా అనే ఈస్ట్ కారణం కావచ్చు. తేమ ఎక్కువగా ఉన్న నెలల్లో ఇది పెరుగుతుంది.

రాత్రికి రాత్రి చెంప మీదో తుంటి మీదో తడిగా, ఎర్రగా, బాధతో కూడిన పుండు తయారైతే చుట్టూ ఉన్న వెంట్రుకలను కత్తిరించి, శుభ్రపరచి, గాలి తగలనివ్వాలి. నాకకుండా మెడకు అట్టతో చేసిన పట్టీ కట్టాలి.

అడవి పందితో తలపడిన కుక్కకు గాయమై, ఈగలు వాలి పురుగులు పడడం పొలాల్లో సాధారణం. గాయంలో గుళికల మందు గాని ఫినాయిల్ గాని పోయరాదు. ఉప్పు నీటితో కడిగి, పురుగులను పట్టకారుతో తీసివేయాలి. లోతైన గాయమైతే వైద్యశాలలోనే శుభ్రం చేయించాలి.

పోషక లోపం వల్ల వచ్చే చర్మవ్యాధులు

అన్నం, గటక, మజ్జిగతోనే పెరిగే కుక్కలలో వెంట్రుకలు పొడిబారి, పొలుసులు రాలడం కనిపిస్తుంది. ఇందుకు మాంసకృత్తులు, కొవ్వు ఆమ్లాల లోపం ఒక కారణం. ధాన్యాలలో ఉండే ఫైటేట్ జింకును శరీరానికి అందనివ్వకపోవడం మరొక కారణం. జింకు లోపించిన వరి మడిలో ఆకులపై తుప్పు మచ్చలు వచ్చినట్లే, జింకు అందని కుక్కకు కళ్లు, మూతి చుట్టూ, పాదాల మెత్తల మీద చెక్కులు కడతాయి. వారానికి మూడు నాలుగు ఉడికించిన గుడ్లు, అన్నంలో ఒక చెంచా నూనె, వీలైనప్పుడు ఉడికించిన చేప లేదా మాంసపు ముక్కలు ఇస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వెంట్రుకలలో మెరుపు తిరిగి వస్తుంది. తగ్గకపోతే జింకు మాత్రలను పశువైద్యుడు నిర్ణయిస్తాడు. మోతాదు మించిన జింకు కూడా విషమే.

పేరు ఒకటే, మందు ఒకటి కాదు

రైతులు కుక్కలకు పురుగుమందు వాడడానికి ఒక తర్కం ఉంది. పశువైద్య దుకాణంలో అమ్మే మందు డబ్బా మీద కనిపించే రసాయనం పేరే తన పొలం మందు మీద కూడా కనిపిస్తుంది. ఫిప్రోనిల్ చెరకు, వరి పంటల్లో కాండం తొలుచు పురుగుకు వాడతారు. కుక్కల పిడుదులకూ ఫిప్రోనిల్ ఉంది. ఇమిడాక్లోప్రిడ్ రసం పీల్చే పురుగులకు వాడతారు. కుక్కల ఫ్లీలకూ అదే పేరుతో మందు ఉంది. స్పైనోసాడ్ కూడా అంతే. 2018లో దేశంలోకి ప్రవేశించిన కత్తెర పురుగును మొక్కజొన్నలో అదుపు చేయడానికి వాడే ఇమామెక్టిన్ బెంజోయేట్, కుక్కల గజ్జికి వాడే ఐవర్‌మెక్టిన్ ఒకే కుటుంబానికి చెందినవి. జపాన్ మట్టిలో దొరికిన ఒక స్ట్రెప్టోమైసిస్ సూక్ష్మజీవి నుంచి ఈ కుటుంబం పుట్టింది. ఐవర్‌మెక్టిన్‌కు దారితీసిన ఆ పరిశోధనకు సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్ 2015లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతిని పంచుకొన్నారు.

రసాయనం పేరు కలిసినంత మాత్రాన మందు ఒకటి కాదు. తేడాలు మూడు.

మొదటిది గాఢత. కుక్కల ఒంటి మీద కొట్టే ఫిప్రోనిల్ ద్రావణంలో మందు 0.25 శాతం. పంటకు వాడే ఫిప్రోనిల్ 5 ఎస్‌సిలో 5 శాతం, అంటే 20 రెట్లు. మెడ మీద చుక్కలుగా వేసే మందులో గాఢత ఎక్కువే, కానీ 10 నుంచి 20 కిలోల కుక్కకు వేసే పరిమాణం ఒకటిన్నర మిల్లీలీటరుకు మించదు. గుడ్డతో ముంచి ఒళ్లంతా రుద్దే పంట మందుకు అటువంటి కొలత ఉండదు.

రెండవది ద్రావకం. ఇసి రకం పురుగుమందుల్లో మందును కరిగించడానికి పెట్రోలియం ద్రావకాలు కలుపుతారు. అవి చర్మాన్ని మండించి, మందు శరీరంలోకి వేగంగా ఇంకేలా చేస్తాయి. గజ్జితో పచ్చిగా మారిన చర్మం నుంచి ఈ ఇంకుడు మరింత ఎక్కువ.

మూడవది కుక్క స్వభావం. పంట తన ఆకును తాను నాకదు. కుక్క నాకుతుంది. చర్మం మీద పూసిన మందు గంటలోపే కడుపులోకి చేరుతుంది.

క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేటు మందులు కుక్క నాడీ వ్యవస్థ మీద నేరుగా పనిచేస్తాయి. వాడిన ఇంజన్ నూనెలో భార లోహాలు, హానికర రసాయనాలు ఉంటాయి. అది చర్మాన్ని కాల్చి, నాకినప్పుడు కాలేయం, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఇంట్లో పిల్లి ఉంటే మరో జాగ్రత్త అవసరం. కుక్కలకు వాడే పర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం.

పశువులకు ఉద్దేశించిన మందు విషయంలోనూ లెక్క తప్పరాదు. ఐవర్‌మెక్టిన్ 1 శాతం సూదిమందులో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున 20 కిలోల కుక్కకు కావలసింది 4 మిల్లీగ్రాములు, అంటే 0.4 మిల్లీలీటరు మాత్రమే. నాలుగు మిల్లీగ్రాములను నాలుగు మిల్లీలీటర్లుగా పొరబడితే మోతాదు పది రెట్లవుతుంది. కోలీ వంటి గొర్రెల కాపరి జాతులలో జన్యు లోపం కారణంగా ఈ మందు మెదడులోకి చేరుతుంది. వాటికి ఈ మోతాదు కూడా ప్రమాదమే. కాబట్టి ఈ సూదిమందును పశువైద్యుడే వేయాలి. ఫ్లూరలానర్ తరహా మందుల విషయంలో మూర్ఛ వచ్చే అవకాశం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. గతంలో మూర్ఛ వచ్చిన కుక్క అయితే ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి.

విషప్రభావం కనిపిస్తే

నోటి నుంచి చొంగ కారడం, కన్నీరు, వాంతులు, విరేచనాలు, కంటిపాప సూదిమొనంత చిన్నదవడం, కండరాల వణుకు, తూలుడు, మూర్ఛ, ఊపిరి ఆడకపోవడం ఆర్గానోఫాస్ఫేటు విష లక్షణాలు. ఫిప్రోనిల్, ఇమామెక్టిన్ వంటి వాటితో వణుకు, తూలుడు, మూర్ఛ ప్రధానంగా కనిపిస్తాయి. అటువంటి స్థితిలో:

• చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని, గోరువెచ్చని నీరు, పాత్రలు కడిగే సబ్బుతో కుక్క ఒంటి మీది మందును వెంటనే కడిగివేయాలి.
• నూనె, పాలు పోయరాదు. వాంతి చేయించే ప్రయత్నం చేయరాదు.
• కుక్క నాకకుండా నోటిని దూరంగా ఉంచాలి. మూర్ఛ వస్తుంటే నోట్లో చేయి పెట్టరాదు.
• మందు డబ్బాను, దాని మీది చీటీని వెంట తీసుకొని వైద్యశాలకు వెళ్లాలి. ఆర్గానోఫాస్ఫేటు విషానికి అట్రోపిన్ విరుగుడు ఉంది. ఫిప్రోనిల్, ఇమామెక్టిన్‌లకు ప్రత్యేక విరుగుడు లేదు, లక్షణాలను బట్టి చికిత్స చేస్తారు. ఏ మందో తెలియకపోతే విలువైన సమయం వృథా అవుతుంది.

మందు పూయకపోయినా పొలంలో ప్రమాదం ఉంది. మందు కొట్టిన రోజు ఆ చేనులోకి కుక్కను పోనివ్వరాదు. మందు కలిపిన బకెట్లో, కాలువ మడుగులో అది నీరు తాగకుండా చూడాలి. ఖాళీ డబ్బాలను కుక్కకు నీళ్లు పోసే పాత్రలుగా వాడరాదు.

పసుపు, వేప: మేలు ఎంత?

పసుపు పండే నేలలో పసుపు వైద్యం సహజం. 1992లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో గజ్జి సోకిన 814 మంది మనుషులకు వేప, పసుపు ముద్దను పూయగా 97 శాతం మందికి 3 నుంచి 15 రోజుల్లో నయమైనట్లు నమోదైంది. ఈ ఫలితం ఆశాజనకమే. కానీ అది మనుషుల మీద జరిగినది. వెంట్రుకలు నిండిన, నాకే అలవాటున్న కుక్కకు ఆ ఫలితాన్ని అట్లే వర్తింపజేయలేము. వేపాకు కషాయంతో కడగడం, చిన్న మచ్చల మీద పసుపు రాయడం హాని చేయకపోవచ్చు. వాటిని చికిత్సకు తోడుగా వాడవచ్చు గాని, చికిత్సకు బదులుగా వాడరాదు. గాఢమైన వేపనూనెను ఒళ్లంతా పూస్తే కుక్క నాకి వాంతులు చేసుకొంటుంది. మనుషులు వాడే స్నానపు సబ్బులు కూడా కుక్క చర్మానికి పడవు. మనిషి చర్మం కొద్దిగా ఆమ్ల గుణం కలది, కుక్క చర్మం తటస్థ స్థితికి దగ్గరగా ఉంటుంది.

పరిసరాల యాజమాన్యం

సమగ్ర సస్యరక్షణలో మందు చివరి అస్త్రం. కుక్కల విషయంలోనూ అదే సూత్రం వర్తిస్తుంది.

• కొట్టం గోడల పగుళ్లను సిమెంటుతో పూడ్చి, ఏడాదికి రెండుసార్లు సున్నం వేయాలి. కుక్క పిడుదు గోడ పైకి కూడా పాకుతుంది కాబట్టి పైకప్పు దాకా చూడాలి.
• కుక్క పడక గోనెలను వారానికి ఒకసారి ఎండలో వేయాలి. ఊడ్చిన చెత్తను కాల్చివేయాలి.
• కొట్టం చుట్టూ గడ్డిని, పాత కట్టెల కుప్పలను తొలగించాలి.
• పశువులకు, కుక్కకు, కొట్టానికి ఒకే వారంలో పిడుదుల నివారణ చేపట్టాలి. కొట్టంలో పిచికారీ చేయవలసిన మందు, మోతాదు పశువైద్యుడు చెప్పినట్లే ఉండాలి. పిచికారీ ఆరేవరకు జంతువులను, మేతను బయట ఉంచాలి.
• అమిట్రాజ్ 12.5 శాతం మందును పశువైద్యుడు సూచిస్తే, లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు కలిపితే 250 పిపిఎం ద్రావణం అవుతుంది. అప్పటికప్పుడు కలిపి, గాలి ఆడే చోట, తొడుగులు వేసుకొని వాడాలి. చూడి కుక్కలకు, నాలుగు నెలల లోపు పిల్లలకు వాడరాదు.
• వాన కురిసే నెలల్లో పొలం నుంచి వచ్చిన కుక్కను పొడి గుడ్డతో తుడిచి, పొడి నేల మీద పడుకోబెట్టాలి.

చర్మవ్యాధితో బాధపడే కుక్క నొప్పి వల్ల యజమానినైనా కరవవచ్చు. పరీక్షించే ముందు మూతికి మెత్తని గుడ్డ పట్టీ కట్టాలి. కరిస్తే గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా రేబిస్ టీకా వేయించుకోవాలి. కుక్కకు మూడు నెలల వయసులో, ఆ తరువాత ఏటా టీకా తప్పనిసరి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ తొలిసారి ఒక బాలునికి రేబిస్ టీకా ఇచ్చిన రోజును ప్రపంచ జూనోసిస్ దినంగా పాటిస్తారు. ఆనాడు పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేయడం పరిపాటి. అదే రోజున చర్మాన్ని కూడా పరీక్ష చేయించుకొంటే రెండు పనులూ ఒకేసారి పూర్తవుతాయి.

సలహా ఎక్కడ?

మండల కేంద్రంలోని పశువైద్యశాలను మొదట సంప్రదించాలి. నయం కాని, మళ్లీ మళ్లీ తిరగబెట్టే వ్యాధులకు పొరుగున ఉన్న జగిత్యాల జిల్లా కోరుట్లలోని పశువైద్య కళాశాల అందుబాటులో ఉంది. ఇది పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి అనుబంధమైనది. పురుగుమందుల సురక్షిత వాడకం గురించి రుద్రూర్‌లోని కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలను అడిగి తెలుసుకోవచ్చు.

పురుగుమందు డబ్బా మీద పంట పేరు, పురుగు పేరు, మోతాదు ముద్రించి ఉంటాయి. ఆ చీటీలో లేని పంటకు ఆ మందును కొట్టరాదని ప్రతి శిక్షణలోనూ రైతులు వింటున్నదే. ఏ పురుగుమందు చీటీ మీదా కుక్క పేరు ఉండదు. ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకొని, గోక్కునే కుక్కను పొలం మందుల గదికి కాక పశువైద్యశాలకు తీసుకొనివెళ్తే, మంచె కింద కాపలా కాసే ఆ మూగజీవి మరికొన్ని పంటకాలాలు రైతు వెంట ఉంటుంది.